వీణకి మెట్లు, రామాయణానికి సంస్కృతం: తంజావూరు రఘునాథ నాయకుడి కథ

[స్క్రీన్ మీద: పాత సముద్ర మ్యాప్. డెన్మార్క్ నుంచి తరంగంబాడి దాకా ఒక గీత నెమ్మదిగా కదులుతూ వస్తుంది]

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో, వాళ్ళ ప్రభుత్వ రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో, ఒక బంగారు రేకు ఉంది. మనం తాటాకు మీద గంటంతో రాసినట్టు దాని మీద తమిళంలో ఒక ఉత్తరం ఉంటుంది. రాసింది 1620లో, పంపింది డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కి. ఉత్తరమంతా తమిళమే, కానీ సంతకం దగ్గరికి వచ్చేసరికి లిపి మారిపోతుంది. సంతకం తెలుగులో ఉంది.

ఆ సంతకం పెట్టినాయన పేరు రఘునాథ నాయకుడు. తంజావూరు రాజు.

మనలో చాలామందికి సాహిత్యాన్ని పోషించిన రాజు అనగానే కృష్ణదేవరాయలు గుర్తొస్తాడు, అష్టదిగ్గజాలు గుర్తొస్తారు, అది సహజమే, కానీ ఆయన తర్వాత ఒక వందేళ్ళకి తెలుగు సాహిత్యం కట్టగట్టుకుని కావేరి ఒడ్డుకి వెళ్ళి అక్కడ కాపురం పెట్టిందని, అక్కడ ఒక రాజు తనే కావ్యాలు రాస్తూ, తనే వీణ వాయిస్తూ, ఆడవాళ్ళతో మహాకావ్యాలు రాయించాడని మన స్కూల్ పుస్తకాల్లో ఒక్క పేరా కూడా సరిగ్గా ఉండదు. నాకు ఇది నిజంగా బాధనిపిస్తుంది. అందుకే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: కావేరి డెల్టా, పచ్చటి పొలాలు]

ముందు అసలు తెలుగువాళ్ళు తంజావూరులో ఏం చేస్తున్నారు అనేది చూద్దాం, దీన్ని మాత్రం త్వరగా చెప్పేస్తాను. విజయనగర సామ్రాజ్యం దక్షిణాదంతా పరుచుకున్నప్పుడు మధురై, జింజీ, తంజావూరు లాంటి చోట్ల నాయకుల్ని, అంటే చక్రవర్తి తరఫున పాలించే సామంతుల్ని పెట్టారు. కృష్ణదేవరాయల తమ్ముడు అచ్యుతదేవరాయలు రాజుగా ఉన్నప్పుడు తంజావూరు సేవప్ప నాయకుడి చేతికి వచ్చింది. సేవప్ప భార్య మూర్తిమాంబ, అచ్యుతరాయల రాణి తిరుమలాంబ అక్కచెల్లెళ్ళు, అంటే సేవప్ప రాయలవారికి తోడల్లుడన్నమాట. ఈ సేవప్ప కొడుకు అచ్యుతప్ప, అచ్యుతప్ప కొడుకు మన రఘునాథుడు, ఆయన కొడుకు విజయరాఘవుడు. నాలుగు తరాలు, అంతే. 1530ల్లో మొదలై 1673లో అయిపోయింది.

రఘునాథుడు రాజైన సంవత్సరం ఒక పుస్తకంలో 1600 అని, ఇంకో పుస్తకంలో 1614 అని ఉంటుంది, చూసి కంగారుపడకండి. తండ్రి ఉండగానే పాలనలోకి వచ్చాడు కాబట్టి ఆ తేడా. తండ్రి అచ్యుతప్ప శ్రీరంగం రంగనాథుడి భక్తుడు, చివరికి రాజ్యం కొడుక్కి వదిలేసి శ్రీరంగం వెళ్ళిపోయాడు. రఘునాథుడి పాలన మాత్రం 1634 దాకా నడిచింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కళల్ని పోషించాలంటే డబ్బు కావాలి, ఆ డబ్బు కావేరి నీళ్ళలోంచి వచ్చింది. కరికాల చోళుడి పేరు మీద చెప్పుకునే పాత ఆనకట్ట కల్లణై కింద వరి పండే నేల అది, దక్షిణాదిలో అంతకంటే సారమున్న నేల దొరకడం కష్టం. కవులకి ఇచ్చిన అగ్రహారాలు, కనకాభిషేకాలు అన్నీ ఆ పొలంలో వంగి నాట్లేసిన వాళ్ళ చెమటే, కావ్యాల్లో వాళ్ళ పేర్లు ఉండవు కాబట్టి మనమైనా ఒకసారి తలుచుకోవాలి.

రఘునాథుడు కుర్రాడిగా ఉన్నప్పుడే పద్యం మీద పట్టు ఉన్నవాడు. పారిజాతాపహరణం కథని రెండు జాముల్లో, అంటే ఒక ఆరు గంటల్లో, కావ్యంగా చెప్పేస్తే తండ్రి మురిసిపోయి కొడుక్కి కనకాభిషేకం చేయించాడని చెప్తారు. తండ్రి కొడుక్కి కవిగా కనకాభిషేకం చేయడం, ఒక్కసారి ఊహించుకోండి, రాజ్యం ఇవ్వడం ఎలాగూ ఇస్తాడు, అది పుట్టుకతో వచ్చేది, ఇది మాత్రం సంపాదించుకున్నది. ఆయన రాసిన వాటిలో వాల్మీకి చరిత్ర, శృంగార సావిత్రి, నలచరిత్ర, రఘునాథ రామాయణం ఉన్నాయి. నలచరిత్ర ద్విపద, అంటే పాడుకోవడానికి వీలుగా ఉండే ఛందస్సు. రాజులు ప్రౌఢ ప్రబంధం రాసి పండితుల చేత ఔరా అనిపించుకోవడం మామూలే, పాటలా సాగే ద్విపదలో కూడా రాశాడు చూడండి, నాకు అక్కడ ఆయన మనసు కనపడుతుంది.

[స్క్రీన్ మీద: వీణ మెట్ల క్లోజప్. వేలు ఒక మెట్టు మీద ఆగి తీగని పక్కకి లాగుతుంది]

ఇప్పుడు వీణ గురించి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, ఎందుకంటే రఘునాథుడి పేరు ఈరోజుకీ చేత్తో తాకి చూడగలిగే చోటు ఇదే.

వీణ దండి మీద ఇత్తడి మెట్లు వరసగా ఉంటాయి కదా, అవి లెక్కపెడితే 24. ఒక స్థాయికి 12 స్వరస్థానాలు, కాబట్టి ఒక తీగ మీద రెండు స్థాయిలు. మెట్ల మీద నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు. మెట్లని మేకులతో కొట్టరు, తేనెమైనంలో బొగ్గుపొడి లాంటివి కలిపి నల్లగా చేసిన ముద్దతో రెండు గట్లు పోసి, ఆ గట్ల మీద ఒక్కో మెట్టునీ శ్రుతి చూసుకుంటూ కూర్చోబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. మా పెద్దమ్మ ఇంట్లో వీణ ఉండేది, ఎండాకాలంలో మైనం మెత్తబడి మెట్టు ఒక వెంట్రుకవాసి జరిగితే చాలు గాంధారం పలికే చోట ఏదో అపశ్రుతి, అప్పుడు ఆవిడ మొహం చూడాలి, ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చినట్టు ఉండేది. మేళం కట్టే ఆయన వచ్చి చెవి దగ్గర పెట్టుకుని, మెట్టు ఒత్తి, తీగ మీటి, మళ్ళీ ఒత్తి, ఇలా 24 మెట్లు పూర్తయ్యేసరికి పూట గడిచిపోయేది.

ఈ అమరిక రఘునాథుడి ఆస్థానంలో స్థిరపడింది. అంతకుముందు లేనే లేదా అంటే, ఒక్కసారిగా ఊడిపడలేదు. 1550లో రామామాత్యుడు రాసిన స్వరమేళకళానిధిలో అప్పటికే కొన్ని రకాల వీణలు ఉన్నాయి, అందులో ఒకటి అచ్యుతరాజేంద్ర మేళవీణ, అంటే అచ్యుతదేవరాయల పేరు మీద ఉన్నది. అప్పట్లో రెండు పద్ధతులు నడిచేవి, ఒకటి ఏకరాగ మేళం, అంటే ఒక రాగానికి సరిపోయేలా మెట్లు పెట్టుకోవడం, ఇంకో రాగం వాయించాలంటే మెట్లు జరుపుకోవాలి. రెండోది సర్వరాగ మేళం, అంటే ఏ రాగమైనా వాయించుకునేలా అన్ని స్వరస్థానాలకీ మెట్లు ఉండటం. తంజావూరులో ఈ రెండోదాన్ని పట్టుకుని 24 మెట్లతో నిలబెట్టారు, అదే రఘునాథ మేళవీణ. దీనివల్ల వాయించేవాడికి దొరికింది ఏంటంటే స్వేచ్ఛ, కచేరీ మధ్యలో తోడి నుంచి కల్యాణికి వెళ్ళాలంటే మెట్లు ముట్టుకోవక్కర్లేదు, వేళ్ళు కదిపితే చాలు. ఈరోజు తంజావూరులో పనసకర్రతో చేసే వీణ అయినా, మన బొబ్బిలిలో చేసే వీణ అయినా, ఆ 24 మెట్లే.

రాజుగారు కూర్చుని తన చేతులతోనే మైనం పూశాడా, పక్కనున్న విద్వాంసులతో చేయించాడా అని అడిగితే, ఆయన వీణలో గట్టివాడని మాత్రం ఆస్థాన కావ్యాలన్నీ చెప్తాయి, జయంతసేన అనే రాగాన్ని, రామానంద అనే తాళాన్ని ఆయనే కల్పించాడని కూడా అంటారు. కానీ పక్కన ఉన్నాయన పేరు చెప్పకపోతే అన్యాయం. ఆయన గోవింద దీక్షితులు. సేవప్ప కాలం నుంచి మూడు తరాలకి మంత్రి, కన్నడ బ్రాహ్మణుడు, వేదం, మీమాంస, సంగీతం అన్నిట్లో దిట్ట. రఘునాథుడి పేరు మీద సంగీతసుధ అనే సంస్కృత గ్రంథం ఉంది, అందులో 15 మేళాలు, 50 రాగాలు వివరించారు. ఇక్కడ మేళం అంటే మెట్ల అమరిక కాదు, రాగాలు పుట్టే స్వరాల వరస. అయితే గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి తర్వాత తన చతుర్దండీ ప్రకాశికలో ఆ సంగీతసుధ రాసింది మా నాన్నగారే అని చెప్పాడు. నా వరకు నాకు కొడుకు మాటే నమ్మాలనిపిస్తుంది, కానీ రాజుకి సంగీతం రాకుండా ఒట్టి పేరు తగిలించుకున్నాడు అనుకోవడం కూడా తప్పే, ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకుంటే వచ్చిన పుస్తకంలా ఉంటుంది అది. ఇంకోటి గమనించండి, తండ్రి పుస్తకంలో 15 మేళాలు, కొడుకు పుస్తకంలో 72. ఇప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతి పిల్లా వినే 72 మేళకర్తల లెక్క ఈ వేంకటమఖిదే. మరి స్థిరంగా 12 స్వరస్థానాలు కళ్ళ ముందు మెట్ల రూపంలో కనపడుతుంటేనే కదా ఎన్ని రకాలుగా కలపొచ్చు అని లెక్క కట్టాలనిపించేది. వీణ ముందు, లెక్క తర్వాత, నాకైతే అలాగే అనిపిస్తుంది.

[స్క్రీన్ మీద: తాటాకు ప్రతి, ఎవరో ఒక్కో ఆకూ తిప్పుతున్నట్టు]

సరే, ఇప్పుడు ఆడవాళ్ళ దగ్గరికి వద్దాం. రఘునాథుడి గురించి మనకి ఇంత తెలిసిందంటే ప్రధాన కారణం ఒక స్త్రీ. పేరు రామభద్రాంబ. ఆవిడ సంస్కృతంలో రఘునాథాభ్యుదయం అనే మహాకావ్యం రాసింది, 12 సర్గలు. బతికున్న రాజు మీద, ఆయన యుద్ధాల మీద, ఆస్థానం మీద ఒక స్త్రీ రాసిన చారిత్రక కావ్యం అంటే మన దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టాలి. పొగడ్తలు ఉన్నాయి, చాలా ఉన్నాయి, ఆవిడకి రఘునాథుడు సాక్షాత్తు రాముడే, కాబట్టి ప్రతి మాటా యథాతథంగా తీసుకోలేం. కానీ ఆ పొగడ్తల మధ్య నుంచి ఆస్థానం కనపడుతుంది, వీణలు వాయించే ఆడవాళ్ళు, సమస్యాపూరణం చేసే ఆడవాళ్ళు, ఎనిమిది భాషల్లో కవిత్వం చెప్పే ఆడవాళ్ళు.

రెండో ఆవిడ మధురవాణి. ఈ కథ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. రఘునాథుడు తెలుగులో రామాయణం రాశాడు కదా, దాన్ని సంస్కృతంలోకి ఎవరు తీసుకెళ్తే బాగుంటుంది అని ఆలోచిస్తూ ఉంటాడు. కలలో రాముడొచ్చి మధురవాణి చేత చేయించు అంటాడు. మర్నాడు సభలో ఆవిడకి ఆ పని అప్పజెప్తాడు. ఇది మధురవాణే తన కావ్యంలో చెప్పుకున్న సంగతి. కొంచెం ఆగి ఆలోచిస్తే ఇందులో ఎంత విశేషం ఉందో చూడండి, మామూలుగా మన దగ్గర నీళ్ళు సంస్కృతం నుంచి తెలుగులోకి పారతాయి, నన్నయ దగ్గర్నుంచీ అంతే, ఇక్కడ తెలుగు నుంచి సంస్కృతానికి ఎదురు పారాయి, ఆ కాలవ తవ్వింది ఒక స్త్రీ. అర ఘడియలో నూరు శ్లోకాలు చెప్పగలదని, అవధానం చేయగలదని, వీణలో ఆరితేరిందని ఆవిడ గురించి రాసి ఉంది. అర ఘడియ అంటే 12 నిమిషాలు. కొంత అతిశయోక్తి తీసేసినా సరే, ఒక అవధాని అని ఒప్పుకోవాల్సిందే. నాలుగు వందల ఏళ్ళ కిందటి మహిళా అవధాని. మన తెలుగు వాళ్ళం అవధానం మా సొత్తు అని గర్వంగా చెప్పుకుంటాం, ఆ గర్వంలో ఈ పేరు ఎందుకు వినపడదో నాకు అర్థం కాదు.

వీళ్ళు అంతఃపురానికి చెందినవాళ్ళు, రాజు దయ మీద బతికినవాళ్ళు, ఆ స్థితిని తియ్యగా చూపించాలని నాకు లేదు. కానీ చదువు దొరికింది, సభలో కూర్చునే చోటు దొరికింది, రాసిన దాని మీద వాళ్ళ పేరే ఉండేలా జరిగింది.

తెలుగు కవుల్లో ఆ సభకి మకుటం చేమకూర వేంకటకవి. విజయవిలాసం ఆయనదే, అర్జునుడు తీర్థయాత్రకి బయల్దేరి ఉలూచిని, చిత్రాంగదని, సుభద్రని పెళ్ళాడే కథ, రఘునాథుడికే అంకితం ఇచ్చాడు, సారంగధర చరిత్ర కూడా ఆయన రాసిందే. ప్రతి పద్యంలో ఏదో ఒక చమత్కారం ఉంటుంది, శ్లేష ఉంటుంది, మాట విరిచి చదివితే ఒక అర్థం, కలిపి చదివితే ఇంకో అర్థం. ఎలా రాసినా సాటి కాలం వాళ్ళు మెచ్చుకోరు కదా అనే మాట ఉంది చూశారూ, సాహిత్య సభల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటుంటారు, అది ఈ చేమకూరదే. ఈయన మాత్రం సమకాలికుడైన రాజుతోనే మెప్పించుకున్నాడు. మామూలు మెప్పు కాదు, తను కూడా కవి అయిన రాజు, ఎక్కడ తడబడినా దొరికిపోయే చోట.

[స్క్రీన్ మీద: తిరుచ్చి, కల్లణై మధ్య మ్యాప్. తోపూరు దగ్గర ఎర్రటి చుక్క]

ఇంత చెప్పాక ఈయన ఎప్పుడూ వీణ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడేమో అనుకోకండి. 1614లో విజయనగర చక్రవర్తి వేంకటపతి రాయలు చనిపోయాడు, వారసుడు శ్రీరంగరాయలు. గొబ్బూరి జగ్గరాయుడు అనే సామంతుడు తిరగబడి శ్రీరంగరాయల్ని కుటుంబంతో సహా చెరలో పెట్టి, చివరికి అందర్నీ చంపించాడు. ఒక్క కుర్రాడు మాత్రం బతికాడు, రామదేవుడు. వెలుగోటి యాచమ నాయకుడు అనే నమ్మకస్తుడు ఒక చాకలి ద్వారా ఆ కుర్రాణ్ణి బట్టల మూటలో దాచి కోట దాటించాడు. ఒక సామ్రాజ్యపు వారసుడు మైల బట్టల మూటలో బయటపడ్డాడు, ఆ మోసిన మనిషి పేరు కూడా మనకి మిగల్లేదు.

జగ్గరాయుడి వైపు మధురై నాయకుడు, జింజీ నాయకుడు చేరారు. యాచమ వైపు నిలబడ్డ పెద్ద నాయకుడు రఘునాథుడు ఒక్కడే. శత్రువులు కావేరి ఆనకట్టని పగలగొట్టారని కావ్యాల్లో ఉంది, అంటే తంజావూరు కడుపు మీదే కొట్టారు. 1616, 1617 మధ్యలో తోపూరు దగ్గర యుద్ధం జరిగింది, జగ్గరాయుడు అక్కడే చచ్చాడు, మధురై జింజీ సైన్యాలు చెదిరిపోయాయి. తర్వాత రఘునాథుడు ఆ కుర్రాణ్ణి కుంభకోణం తీసుకొచ్చి పట్టాభిషేకం చేశాడు. నిజం చెప్పాలంటే అప్పటికి విజయనగరం పేరుకే మిగిలింది, ఆ గొడవ మాకెందుకులే అని తంజావూరు తలుపేసుకుని ఉండొచ్చు. ఆయన అలా ఉండలేదు.

కొల్లిడం నది సముద్రంలో కలిసే చోట ఒక దీవిలో కోట కట్టుకుని జనాన్ని పీడించిన చోళగుడి మీద, యాళ్పాణంలో, అంటే శ్రీలంకలోని జాఫ్నాలో, పోర్చుగీసుల మీద కూడా యుద్ధాలు చేశాడు. అవి ఇక్కడ విప్పి చెప్పను, దానికే ఇంకో గంట పడుతుంది. డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్ళు, వచ్చింది కూడా ఈ కాలంలోనే, 1620 నవంబర్లో, వాళ్ళ కెప్టెన్ ఓవే గెడ్డె తంజావూరు వచ్చి ఒప్పందం చేసుకున్నాడు, తరంగంబాడిలో కోట కట్టుకోవడానికి అనుమతి దొరికింది. మొదట్లో చెప్పిన బంగారు రేకు అప్పటిదే. ఆ కోట ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉంది, పేరు డాన్స్‌బోర్గ్. 1845లో డేన్లు దాన్ని ఇంగ్లీషు వాళ్ళకి అమ్మేసి వెళ్ళిపోయారు.

మంత్రాలయం రాఘవేంద్ర స్వామి తెలుసు కదా, ఆయన సన్యాసం తీసుకుని పీఠం ఎక్కింది తంజావూరులోనే, ఈ రఘునాథుడి కాలంలోనే. ఆయన కూడా వీణ వాయించేవారు. ఆ ఊళ్ళో అప్పుడు గాలి కూడా శ్రుతిలో వీచేదేమో అనిపిస్తుంది నాకు.

రఘునాథుడి తర్వాత కొడుకు విజయరాఘవుడు తండ్రి రోజు ఎలా గడిచేదో చెప్తూ ఒక ద్విపద రాశాడు, దాని పేరు కూడా రఘునాథాభ్యుదయమే. ఆయన ఆస్థానంలో కవయిత్రి రంగాజమ్మ ఉంది, క్షేత్రయ్య వచ్చి పదాలు పాడాడు. 1673లో మధురై చొక్కనాథ నాయకుడి సైన్యం చేతిలో విజయరాఘవుడు ముసలితనంలో యుద్ధం చేస్తూ చనిపోయాడు, అంతఃపురాన్ని మందుగుండుతో పేల్చేయమని ఆయనే ముందే చెప్పి వెళ్ళాడంటారు. ఆ తర్వాత కొన్నేళ్ళకే మరాఠాలు వచ్చారు, వాళ్ళ భాష మరాఠీ, చుట్టూ ఉన్నది తమిళం, అయినా ఆస్థానంలో తెలుగు యక్షగానాలు ఆగలేదు, మరాఠా రాజు షాహజీ తనే తెలుగులో రాశాడు. నాయకుల కాలపు పుస్తకాల గది పెరిగి పెరిగి ఇప్పటి సరస్వతీ మహల్ లైబ్రరీ అయింది. ఇంకో తొంభై ఏళ్ళకి, 1767లో, తిరువారూరులో ఒక పిల్లాడు పుట్టాడు, తెలుగులో పాడాడు, మనం ఆయన్ని త్యాగయ్య అంటాం. కావేరి నేల మీద పుట్టిన మనిషికి రాముడితో మాట్లాడటానికి తెలుగు ఎలా దొరికిందీ అని ఎవరైనా అడిగితే, రఘునాథుడి సభ దగ్గర్నుంచి చెప్పుకుంటూ రండి.

[స్క్రీన్ మీద: కుంభకోణం రామస్వామి గుడి స్తంభాలు, లోపల దీపం వెలుగు]

చివరగా ఒక చోటుకి తీసుకెళ్తాను. రామదేవుడికి పట్టాభిషేకం చేసిన అదే కుంభకోణంలో రఘునాథుడు రామస్వామి గుడి కట్టించాడు. గర్భగుడిలో రాముడు విల్లు పట్టుకుని నిలబడి ఉండడు, సీతమ్మతో కలిసి ఒకే ఆసనం మీద పట్టాభిషేకానికి కూర్చుని ఉంటాడు, తమ్ముళ్ళంతా పక్కనే. మీరు వెళ్తే రాముణ్ణి చూశాక ఒక్క నిమిషం హనుమంతుడి దగ్గర ఆగండి. గద కోసం వెతక్కండి, ఉండదు. ఒక చేతిలో రామాయణం తాళపత్రాలు, ఇంకో చేతిలో వీణ.